షట్టర్ వెనక గున్న

సోఫా తడిసి ముద్దయి తిరిగొచ్చిన రోజునే కోడలు గ్యారేజీ షట్టర్ ఎత్తింది.

ఆమె పని సోఫాలు కుట్టడం. కుంగిపోయిన పాత సోఫాలను ఒలిచి, చెక్క బిగించి, స్పాంజీ మార్చి, కొత్త గుడ్డ తొడిగి పంపుతుంది. ఇంటి ముందుగదే ఆమె దుకాణం. చేతిలో ఎప్పుడూ దబ్బనం ఉంటుంది కాబట్టి వీధివాళ్లు ఆమెను 'దబ్బనం' అంటారు. చేతిలో ఉన్నందుకు కాదు, ఒకసారి దిగిందంటే అవతలి వైపు తేలేదాకా ఆగదు కాబట్టి ఆ పేరు వచ్చిందని ఆమె మామగారి వాదన.

ఆ రోజు పొద్దున మూడు సీట్ల సోఫా ఒకటి అద్దె బండికి ఎక్కించి పంపింది. "పైన కప్పడానికి పట్టా ఉందా బాబూ?" అని అడిగితే, "ఎందుకు లేదమ్మా" అన్నాడు బండివాడు. ఉంది, కానీ వాళ్లింట్లో ఉంది. దారిలో వాన పట్టుకుంది. సోఫా తాలూకు వాళ్లు గుమ్మంలోంచే చేతులూపి వద్దన్నారు. బండివాడు దాన్ని మళ్లీ తెచ్చి వాకిట్లో దించి, "వాన నీ చేతిలోనూ లేదు, నా చేతిలోనూ లేదు" అని వేదాంతం చెప్పి చక్కా పోయాడు. ఇది మొదటిసారి అయితే సరిపెట్టుకునేది. అంతకుముందు ఒక కుర్చీ కాలు విరిగింది. ఇంకో దానికి మేకు గీరుకుని కొత్త గుడ్డ జానెడు మేర చిరిగింది.

ఆమె ఏడవలేదు, తిట్టలేదు. నీళ్లు కారిపోవడానికి సోఫాను గోడకు నిలబెట్టింది. పనిలో తొడుక్కునే పాత చొక్కా చేతులు పైకి మడుచుకుని, సుత్తి తీసుకుని ఇంటి పక్కకు నడిచింది.

షట్టర్ తుప్పు పట్టి గోడతో ఏకమైపోయింది. అంచుల వెంట సుత్తితో తట్టి, ఓ మూల భుజం ఆనించి, ఊపిరి బిగించి లేపితే అది కీచుమని వీధంతా వినిపించేలా అరిచి సగం దాకా లేచింది. లోపల చీకట్లో, విరిగిన కుర్చీలూ పాత పరుపులూ మీద మోస్తూ, నాలుగు చక్రాలూ చతికిలబడి గున్న నిలబడి ఉంది.

గున్న అంటే మామగారి పికప్పు బండి. ముందు ఇద్దరు కూర్చునే చోటు, వెనక సామాన్లకు తొట్టి. బూడిద రంగు, గుండ్రటి మూతి, రెండు పక్కలా చెవుల్లాంటి అద్దాలు. ఏనుగు పిల్లలా ఉందని కొన్న రోజే ఎవరో అంటే ఆ పేరే ఖాయమైంది. ఇల్లు మారేవాళ్ల సామాన్లన్నీ ఆయన దాంట్లోనే మోశాడు. ఊళ్లో సగం మంది మంచాలూ బీరువాలూ ఒకప్పుడు గున్న ఎక్కినవే. తర్వాత ఆయనకు చూపు మందగించింది. గుడ్డితనం కాదు, ఎటు చూస్తే అటు నట్టనడుమ మసక మచ్చ. చుట్టూ లోకం ఉంటుంది, ఎదుటి మనిషి ముఖం మాత్రం ఉండదు. ఇక నడపకూడదని డాక్టరు చెప్పిన రోజున ఆయన బండిని లోపల పెట్టి షట్టర్ దించి, తాళంచెవి చొక్కా జేబులో వేసుకున్నాడు. అది జరిగి తొమ్మిదేళ్లు. ఈలోగా పాతసామాన్లవాళ్లు ఎందరు అడిగినా అమ్మలేదు, ఎవరినీ ముట్టుకోనివ్వనూ లేదు.

షట్టర్ చప్పుడుకు వెనక గదిలోంచి ఆయన గోడ పట్టుకుని వచ్చాడు.

"ఎవరదీ?"

"నేనే మామయ్యా."

"నిన్నెవరు తియ్యమన్నారు? దించెయ్."

"దించేస్తాను. ఒక్కసారి చూసి."

"ఏం చూస్తావమ్మాయ్? ఎప్పుడో చచ్చింది అది."

"చచ్చిందో లేదో నా కళ్లతో చూస్తే నాకు నిమ్మళంగా ఉంటుంది." కళ్లు అన్న మాట నోరు దాటాక ఆమె నాలుక కరుచుకుంది. పెద్దాయన వచ్చినంత మెల్లగానే వెనక్కి వెళ్లిపోయాడు. కానీ గది తలుపు మాత్రం వేసుకోలేదు.

వంటింటి కిటికీలోంచి అత్తగారు ఇదంతా వింది. "ఆ బండి నాకు సవతి, తెలుసా?" అంది. "పెళ్లయిన దగ్గర్నుంచీ ఆయన నాకన్నా దాని ఒళ్లే ఎక్కువసార్లు తుడిచాడు. తొమ్మిదేళ్లుగా మంచాన పడింది కదా అని నేను సుఖంగా ఉన్నాను. మళ్లీ దాన్ని లేపి కూర్చోబెట్టకే తల్లీ."

"లేస్తే మీ సవతి చేత చాకిరీ చేయిద్దాం అత్తయ్యా. సోఫాలు మోయిద్దాం."

"అలాగైతే సరే" అని అత్తగారు వెంటనే పార్టీ మార్చేసింది.

మర్నాటి నుంచి పని మొదలైంది. దుకాణం పని ముందు, గున్న పని తర్వాత అని ఆమె గిరి గీసుకుంది. ముందు తొట్టిలోని చెత్తంతా దించింది. బానెట్ లేపితే గాలి డబ్బాలో ఎలుకలు కాపురం పెట్టి, పిల్లల్ని కని, ఖాళీ చేసి పోయిన గూడు. సీటు స్పాంజీ అంతా అక్కడే ఉంది. కొండను తవ్వి ఎలుకను పట్టడమంటే ఇదే కాబోలు అనుకుంది. ట్యాంకులో పెట్రోలు చిక్కబడి జిగురై, ఘాటు కంపు కొడుతోంది. ఒక్కో చక్రం కింద జాకీ పెట్టి లేపి, ఇటుకల మీద నిలబెట్టింది. పెద్దాయన గ్యారేజీ బయట ముక్కాలిపీట వేసుకుని, బండికి వీపు పెట్టి కూర్చునేవాడు. గాలి కోసమట. గాలి ఇంటికి అటు పక్క వస్తుంది.

సందు చివర మెకానిక్ దగ్గరికి వెళ్తే అతను తల కూడా ఎత్తలేదు. "నా షెడ్డుకి తీసుకురా అక్కా, చూస్తా."

"నడిచే బండైతే నీ దగ్గరికి ఎందుకు వస్తాను తమ్ముడూ?"

దానికి అతను నవ్వి, కాస్త మెత్తబడి, ఇంజను తిరుగుతుందో లేదో ఎలా చూడాలో చెప్పాడు. గేరు తీసేసి, ఇంజను ముందుండే పుల్లీ మధ్యలో ఉన్న పెద్ద నట్టుకు పానా వేసి తిప్పాలి. తిరిగితే అదృష్టం. తిరగకపోతే పట్టేసినట్టు.

తిరగలేదు. గోడకు పానా వేసి తిప్పినట్టుంది.

"పట్టేసింది" అన్నాడు పీట మీంచి పెద్దాయన, వెనక్కి తిరక్కుండానే. "పిస్టన్లు తుప్పు పట్టి అతుక్కుపోయి ఉంటాయి. ఇక అది ఇనుము."

"పట్టేస్తే ఏం చెయ్యాలి మామయ్యా?"

"తూకానికి వేసెయ్యాలి."

"అది కాకుండా?"

ఆయన పీట ఇంకాస్త అవతలికి జరుపుకున్నాడు. ఆమె మళ్లీ మెకానిక్ దగ్గరికే వెళ్లి కనుక్కుని వచ్చింది. ప్లగ్గులు నాలుగూ విప్పి, ఆ కన్నాల్లో పల్చటి నూనె పోసి నానబెట్టాలట. మూడు ప్లగ్గులు బుద్ధిగా వచ్చాయి. నాలుగోది ససేమిరా అంది. బలవంతం చేస్తే లోపల విరుగుతుందని ఆమెకు తెలుసు. పాత చెక్కలోంచి మేకులు లాగే చేతులవి. నూనె రాసి వదిలేసింది, మర్నాడు కదిపింది, మళ్లీ రాసింది. ఓ పొద్దున అది ఏమీ ఎరగనట్టు చేతిలోకి వచ్చేసింది.

అప్పట్నుంచి రోజూ పొద్దున దుకాణం తెరవబోయే ముందు నూనె పోయడం, పానాకు పొడవాటి ఇనుప నీళ్ల గొట్టం తొడిగి లాగడం. ఇంజను కదిలితే తెలియాలని పుల్లీ మీదా, పక్కనున్న ఇనుము మీదా కలిసేలా గుడ్డ మీద గీసే సుద్దముక్కతో ఒక గీత గీసింది. వారాలు గడిచాయి. గీత చెక్కుచెదరలేదు. భర్త మందుల షాపులో పని చేస్తాడు. నోట్లో నాలుక లేని మనిషి. సాయంత్రం వచ్చేటప్పుడు ఒకరోజు చేతి తొడుగులూ, ఒకరోజు బొబ్బలకు మందూ తెచ్చేవాడు. తెచ్చి, షట్టర్ గడప దగ్గర నిలబడి చేయి చాచి ఇచ్చేవాడు. ఒక్కరోజైనా అడుగు లోపల పెట్టలేదు. ఆమె అది గమనించింది.

ఒకనాడు ఆమెకు విసుగొచ్చింది. గొట్టం పట్టుకుని ఊగి ఊగి గుంజడం మొదలుపెట్టింది.

"ఊపకు!" పెద్దాయన పీట తన్నుకుంటూ లేచాడు. "నట్టు తెగి చేతికొస్తుంది! ఇంజను ముందు తెగుతుందా, నీ పంతం ముందు తెగుతుందా? ఊపకుండా బరువు వెయ్యి. వేసి అలాగే నిలబడు."

"ఎంతసేపు?"

"అది ఒప్పుకునేదాకా."

ఆమె గొట్టం చివర రెండు చేతులూ వేసి, ఒళ్లంతా వాలేసి నిలబడింది. పెద్దాయన తడుముకుంటూ వచ్చి తన చేతులు ఆమె చేతుల పక్కన వేశాడు. ఎక్కడో లోపల, గట్టి అట్ట మడత పడినట్టు 'టక్' మంది.

ఆమె వంగి చూసింది. సుద్దగీత రెండు ముక్కలై, ఒకదానికొకటి వెంట్రుకవాసి ఎడమైంది.

"కదిలింది మామయ్యా."

"ఎంత?"

"దారం మందం."

"చాలు" అన్నాడాయన. "ఇప్పుడు వెనక్కి తిప్పు. మళ్లీ ముందుకి. తొందరపడకు."

ఆ రోజుతో పీట షట్టర్ లోపలికి వచ్చింది, ముఖం బండి వైపు తిరిగింది. ఆ తర్వాత పని పరుగందుకుంది. కార్బురేటర్ విప్పి, పెట్రోల్లో ముంచి, సన్న తీగతో కన్నాలు పొడిచింది. ట్యాంకు దించి, గులకరాళ్లు పోసి, ఇద్దరూ చెరోపక్క పట్టుకుని గలగలలాడించారు. వీధివాళ్లు కిటికీలు మూసుకున్నారు. ఆయన వేళ్లతో తడిమి చెప్పేవాడు, ఆమె విప్పేది. "ఇది గట్టిగా ఉంది. ఇది పెళుసెక్కింది, మార్చు. ఈ గొట్టం ఇంకో పదేళ్లు బతుకుతుంది." సీటు మాత్రం ఆయన నోరెత్తకుండా ఆమె చేతికి వదిలేశాడు. ఆమె తడిసిన సోఫా గుడ్డ ఉతికి ఆరబెట్టి, దాన్నే సీటుకు తొడిగింది. పెద్ద పెద్ద పసుపు పువ్వులు. "గున్నకి పెళ్లి చేస్తున్నారా?" అంది అత్తగారు.

బండి కాగితాల సంగతి భర్త తనమీద వేసుకుని ఆఫీసుల చుట్టూ తిరిగొచ్చాడు. ఆ రాత్రి భోజనాల దగ్గర ఆమె అడిగేసింది.

"ఏవండీ, అన్ని పనులూ చేస్తారు. గ్యారేజీలోకి మాత్రం రారు. ఎందుకని?"

అతను కంచంలోకి చూస్తూ చెప్పాడు. "నాకు పద్నాలుగేళ్లప్పుడు నాన్న డ్రైవింగ్ నేర్పుతానన్నాడు. నాకూ సరదాయే. కానీ స్టీరింగ్ పట్టుకున్న దగ్గర్నుంచి ఒకటే అరుపులు. క్లచ్చంటే అరుపు, గేరంటే అరుపు. చేతులు వణికితే, వణుకుతున్నాయని ఇంకో అరుపు. ఒకరోజు సంత రోడ్డు మధ్యలో బండి ఆగిపోయింది. వెనక హారన్లు, పక్కన నాన్న. నేను తలుపు తీసుకుని దిగి, ఇంటికి నడిచొచ్చేశాను. మళ్లీ దాంట్లో ఎక్కలేదు. ఇప్పుడు కూడా ఆ పెట్రోలు వాసన తగిలితే అరచేతులు చెమట పడతాయి" అని నవ్వబోయాడు. నవ్వు రాలేదు.

ఇంజను లేచిన రోజు ఆదివారం. కొత్త బ్యాటరీ బిగించారు. పెద్దాయన జేబులోంచి తాళంచెవి తీసి ఇచ్చాడు. మొదటి సెల్ఫుకు దగ్గింది. రెండోదానికి తుమ్మింది. మూడోదానికి ఇంటినంతా నల్లటి పొగతో కప్పేస్తూ భళ్లుమని లేచింది. తర్వాత మెల్లగా ఒక లయలో పడింది. అత్తగారు ఆరేసిన బట్టలు లాక్కుంటూ తిట్లు లంకించుకుంది. పెద్దాయన బానెట్ మీద రెండు అరచేతులూ ఆనించి, కళ్లు మూసుకుని, ఆ అదురు ఒంట్లోకి ఎక్కించుకుంటున్నట్టు నిలబడ్డాడు.

"వాణ్ని పిలు" అన్నాడు ఉన్నట్టుండి. "బ్రేకులు చూసుకున్నాక వీధి చివరిదాకా తిప్పమను. నేను పక్కన కూర్చుంటాను."

భర్త గడప దగ్గరే ఉన్నాడు. అతని ముఖం పాలిపోయింది. ఆమె ఇంజను ఆపి దిగింది.

"ఆయనెందుకు మామయ్యా? నడిపేది నేను."

"నువ్వా?"

"సోఫాలు నావి. బండి నాకు కావాలి. మరి ఎవరు నడుపుతారు?"

"ఇదేం కుట్టుమిషననుకున్నావా? దీని స్టీరింగ్ తిప్పాలంటే నాకే భుజాలు పడిపోయేవి. లేపినంతవరకు లేపావు, సంతోషం. నడపడం వాడి పని."

"ఆయనకి ఇష్టం లేదు."

"వాడు నోరు తెరిచి చెప్పాడా?"

అందరూ గడప వైపు చూశారు. భర్త నేల చూపులు చూశాడు. పెద్దాయనకు ఆ ముఖం కనపడదు, కానీ ఆ మౌనం వినపడింది. ఏం తోచిందో, చేయి లోపలికి పెట్టి తాళంచెవి లాక్కుని, జేబులో వేసుకుని, గదిలోకి వెళ్లి తలుపు వేసుకున్నాడు.

అలక వారం దాటింది. ఆయన పీట ఖాళీగా ఉండేది. ఆమె బతిమాలలేదు, దెబ్బలాడలేదు. తాళంచెవి లేకుండా చేయగల పనులు ఇంకా బోలెడున్నాయి. బ్రేకు డ్రమ్ములు లేత్ మిషన్ మీద సాపు చేయించి తెచ్చింది. కొత్త బ్రేకు షూలు బిగించింది. ఇక మిగిలింది బ్రేకు గొట్టాల్లో గాలి తీయడం. అది ఒక్కరి వల్ల అయ్యేది కాదు. ఒకరు లోపల పెడల్ తొక్కి పట్టుకోవాలి, ఇంకొకరు చక్రం దగ్గర మర వదులు చేసి, బుడగలు బయటికి పోయాక బిగించాలి. బిగించేదాకా తొక్కిన కాలు తీయకూడదు.

ఆమె అత్తగారిని సీట్లో కూర్చోబెట్టింది.

"తొక్కండి అత్తయ్యా."

"తొక్కా."

"పట్టుకోండి."

"పట్టుకున్నా. అబ్బ, సీటు భలే మెత్తగా కుట్టావే. ఇదిగో, కాలు మార్చుకోనా?"

"వద్దు వద్దు—"

అప్పటికే మార్చుకుంది. బయటికి పోయిన గాలంతా గురగురమంటూ మళ్లీ లోపలికి వెళ్లిపోయింది. మళ్లీ మొదటికొచ్చింది వ్యవహారం. రెండోసారి పొయ్యి మీద ఏదో మాడుతోందని దిగిపోయింది. మూడోసారి కోడలు తొక్కమనకముందే తొక్కింది.

వెనక గది తలుపు ధడాలున తెరుచుకుంది.

"పట్టుకోమంటే పట్టుకోవాలే! అదేం ఉయ్యాల కాదు!" పెద్దాయన చరచరా వచ్చాడు. "దిగు. దిగు నువ్వు ముందు."

"తొమ్మిదేళ్ల తర్వాత ఎక్కాను, అప్పుడే దించేస్తున్నాడు" అంటూ అత్తగారు దిగి, కోడలికి మాత్రమే కనపడేలా ఓ కన్ను గీటి లోపలికి వెళ్లింది. ఆ తప్పులన్నీ నిజంగా చేతకాక చేసినవో కావో కోడలికి ఇప్పటికీ తెలియదు.

పెద్దాయన డ్రైవరు సీట్లో కూర్చున్నాడు. తొక్కమంటే తొక్కాడు, పట్టుకోమంటే రాయిలా పట్టుకున్నాడు. నాలుగు చక్రాల గాలీ తీసేసరికి సాయంత్రమైంది. ఆమె చేతులు తుడుచుకుంటూ వచ్చి చూస్తే, ఆయన ఇంకా దిగలేదు. స్టీరింగ్ మీద రెండు చేతులూ వేసి ఎదురుగా చూస్తున్నాడు.

"ఇక్కడ కూర్చుంటే అంతా మునుపటిలాగే ఉంది" అన్నాడు. "పెడల్ కాలికి అందుతోంది. గేరు చేతికి అందుతోంది. అద్దం దాకా అంతా నాదే. అద్దం దాటితేనే ఏమీ లేదు."

ఆమె పక్క సీట్లో ఎక్కి కూర్చుంది.

"వాడు నడిపితే నేనే నడిపినట్టు ఉంటుందనుకున్నాను. అంతే."

"తెలుసు మామయ్యా."

ఆయన జేబులోంచి తాళంచెవి తీసి ఆమె ఒళ్లో పెట్టాడు. "నేర్పేది మాత్రం నేనే. ఆ డ్రైవింగ్ స్కూలు వాళ్లకి అప్పజెప్పానంటే గేరు పళ్లు రాలగొడతారు."

"సరే. కానీ ఒక్క మాట. మీరు అరిచారంటే ఇంజను ఆపేసి దిగిపోతాను. రోడ్డు మధ్యలో ఉన్నా సరే."

"నేనెప్పుడు అరిచాను?" అని అరిచాడు పెద్దాయన.

సెలవురోజుల్లో ఖాళీగా ఉండే ఒక గోదాము ఆవరణలో పాఠాలు మొదలయ్యాయి. మెకానిక్ కొత్త టైర్లు వేసి, బండిని ఇటుకల మీంచి దించి, అక్కడిదాకా తెచ్చిపెట్టి, కాసేపు తమాషా చూద్దామని గోడెక్కి కూర్చున్నాడు. బండి రెండు గెంతులు గెంతింది.

"క్లచ్! క్లచ్ అంటే వినపడదా? అది కాలా, దుంగా?"

ఆమె తాళంచెవి తిప్పింది. ఇంజను ఆగింది. తలుపు తీసుకుని దిగి, వెళ్లి గోదాము మెట్ల మీద కూర్చుంది. పెద్దాయన ఒక్కడే బండిలో మిగిలాడు.

"ఏమైంది?" అన్నాడు కొంతసేపటికి.

"అరిచారు."

"అది అరుపా? నా గొంతే అంత."

"నా గొంతూ తక్కువేం కాదు. ఇద్దరం అరుచుకుంటే ఇంజను చెప్పేది ఎవరు వింటారు?"

ఆ రోజు ఆమె ఇంకా చాలాసార్లు దిగింది. చివరికి ఆయనే ఆమె కూర్చున్న మెట్ల దాకా తడుముకుంటూ వచ్చాడు. కోపం దిగిపోయింది, అలసట మిగిలింది.

"నాకు కనపడదమ్మాయ్. బండి ఎటు పోతోందో, గోడ ఎంత దూరంలో ఉందో తెలియదు. తెలియనప్పుడు భయమేస్తుంది. భయమేస్తే నోరు లేస్తుంది."

ఆమె ఆలోచించింది. "అయితే నేను చెప్తూ నడుపుతాను. ఎక్కండి."

అలా మొదలైంది వాళ్ల పద్ధతి. "ఎడమ పక్క గోడ, నాలుగు బారల దూరం. ఎదురుగా ఖాళీ. ఇప్పుడు రెండో గేరు వేస్తున్నాను. కుక్క ఒకటి అడ్డం వచ్చింది, ఆపుతున్నాను. పోయింది." సోఫాకు కొలతలు చదివినట్టు చదువుతూ పోయేది. పెద్దాయన వింటూ, తల పంకిస్తూ, "ఇప్పుడు కొంచెం వదులు... ఆఁ, అంతే" అనేవాడు. గెంతులు తగ్గాయి. స్టీరింగ్ రాయిలాంటిదే, అయితే బండి కదులుతుండగా తిప్పితే తేలిగ్గా వస్తుందని ఆమె చేతులకు తెలిసిపోయింది.

ఒకరోజు అలా తిప్పుతూ ఆమె మామూలు గొంతుతోనే అడిగింది. "అప్పట్లో మీకు బాగానే కనపడేది కదా మామయ్యా. మరి ఆయన మీద ఎందుకు అరిచేవారు?"

పెద్దాయన కిటికీ అంచు అరచేత్తో రాశాడు.

"మూడో గేరు వెయ్యి" అన్నాడు.

లైసెన్సు పరీక్షలో మొదటిసారి తప్పింది. వెనక్కి తీస్తూ, గుర్తుగా పాతిన కర్రను పడగొట్టింది. ఇంటికొచ్చి, గ్యారేజీలోకి వెనక్కి తీయడమే పనిగా పెట్టుకుని, అత్తగారిని కర్రలా నిలబెట్టి సాధన చేసింది. "సవతి చేతిలో చావు రాసిపెట్టి ఉంటే ఎవరు తప్పిస్తారు" అంటూ ఆవిడ అక్కడే నిలబడింది. రెండోసారి పరీక్ష గట్టెక్కింది.

మొదటి సరుకు పళ్ల డాక్టరు గారి ఆసుపత్రికి రెండు పొడవాటి బెంచీలు. కుట్టింది ఆమె, ఎక్కించింది భర్తా ఆమే, పైన పట్టా కట్టింది ఆమె. తాడు ముడులు మాత్రం పెద్దాయన వేశాడు. ఆసుపత్రి ఎత్తు మీద ఉంది. గున్న ఆయాసపడుతూ, రెండో గేరులో మూలుగుతూ, ఎక్కేసింది. బెంచీల మీద చిన్న మరక కూడా లేదు. డాక్టరు వాటి మీద కూర్చుని చూసి, ఇంకా నాలుగు కుర్చీలున్నాయి, అవీ పట్టుకెళ్లమన్నాడు.

తిరుగుదారిలో, చివరి మిట్ట మీద, బానెట్ సందుల్లోంచి ఆవిరి లేచింది.

"వేడి ముల్లు ఎర్రగీత దాటింది" అని ఆమె చెప్పింది. "పక్కకి తీస్తున్నాను. గోడ వారగా ఆపుతున్నాను. ఆపాను."

"మంచి పని చేశావ్" అన్నాడు పెద్దాయన. రేడియేటర్ కారిపోతోంది. చేతిలో ఉన్న సీసా నీళ్లు దానికి ఏ మూలకీ చాలవు. ఆమె భర్తకు ఫోను చేసింది. అతను షాపులో చెప్పి, రెండు డబ్బాల నీళ్లు మోసుకుని బస్సులో వచ్చాడు. చొక్కా సగం తడిసింది. వచ్చీ రావడంతోనే గుడ్డ పట్టుకుని రేడియేటర్ మూత మీద చేయి వేశాడు.

మూత గీసుకున్న చప్పుడు పెద్దాయన చెవిన పడింది.

"ఒరేయ్—" అని గొంతు లేచింది. భర్త చేయి ఠక్కున వెనక్కి వచ్చింది. అరచేయి చొక్కాకు రాసుకున్నాడు. ఆమె స్టీరింగ్ వదిలి దిగబోయింది.

పెద్దాయన నోరు తెరిచే ఉంది. అలా తెరిచే కాసేపు ఉండి, మెల్లగా మూసుకున్నాడు. తలుపు పట్టుకుని దిగి, బండిని తడుముకుంటూ ముందుకొచ్చాడు.

"కాస్త ఆగు నాన్నా" అన్నాడు. ఆ గొంతు ఆమె ఎప్పుడూ వినలేదు. "వేడి మీద తీస్తే మొహం కాలిపోతుంది. చల్లారనీ. తర్వాత ఇంజను తిరుగుతుండగా కొంచెం కొంచెం పోద్దువుగానీ. నేను చెప్తాను ఎప్పుడు పొయ్యాలో."

"సరే నాన్నా" అన్నాడు భర్త.

ముగ్గురూ గోడ నీడలో నిలబడ్డారు. ఎవరికీ తొందర లేదు. చల్లారాక తండ్రి చెప్పాడు, కొడుకు పోశాడు, ఆమె లోపల కూర్చుని ఇంజను తిప్పింది. ముల్లు దిగింది.

"ముందు చోటు లేదు కదా, నేను బస్సులో వచ్చేస్తాలే" అన్నాడు భర్త.

"కుర్చీలు జారకుండా ఎవరు పట్టుకుంటారు?" అంది ఆమె.

అతను తొట్టి అంచు మీద చేయి వేసి కాసేపు నిలబడ్డాడు. తర్వాత కాలెత్తి ఎక్కి, డాక్టరు గారి కుర్చీల మధ్య కూర్చున్నాడు. వెనక అద్దంలో ఆమెకు అతని తల కనిపిస్తోంది. మొదట వంచుకునే ఉన్నాడు. మిట్ట దిగి చల్లగాలి తగిలాక తలెత్తి, ఇంకాసేపటికి క్యాబిన్ పైభాగం పట్టుకుని లేచి నిలబడ్డాడు.

"వాడేం చేస్తున్నాడు?" అడిగాడు పెద్దాయన.

"నిలబడ్డారు."

"గట్టిగా పట్టుకోమను."

"పట్టుకునే ఉన్నారు మామయ్యా. ముందు బస్సు ఉంది, మెల్లగా పోతున్నాను. రేపు దుకాణం తియ్యను. పొద్దున్నే రేడియేటర్ విప్పుదాం. కుర్చీలు ఎల్లుండి."

"విప్పుదాం" అన్నాడు పెద్దాయన. "వాడికి సెలవేమైనా దొరుకుతుందేమో కనుక్కో."